రైస్ మిల్లు తుపాను క్లెయిము: బీమా కంపెనీ తరఫున కౌంటర్ ఎట్టా వేయాలి?

జూనియర్_నెల్లూరు అడిగిన ప్రశ్న

నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో బీమా కంపెనీ తరఫున కౌంటర్ (ఫిర్యాదుకు రాతపూర్వక జవాబు) వేయాలి. చేతిలో ఉన్నవన్నీ మోటారు కేసులే, ఫైర్ పాలసీ కేసు ఇదే మొదటిది. పేర్లు తీసేసి, ఫైలులో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను.

కోవూరు వైపు ఒక రైస్ మిల్లు, భాగస్వామ్య సంస్థ. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ, అంటే చిన్న సంస్థలకు నిప్పుతో పాటు తుపాను, వరద నష్టాలకూ ఇచ్చే ఫైర్ పాలసీ. స్టాకు మీద బీమా మొత్తం 1.50 కోట్లు. 2023 డిసెంబరు 5న తీరం దాటిన మిచాంగ్ తుపాను వానలకు గోడౌనులో ధాన్యం తడిసింది. 8న కంపెనీకి తెలియజేశారు, 9న సర్వేయరు (నష్టం అంచనా వేసే లైసెన్సుదారు) వెళ్లారు. ఆయన తుది నివేదిక కంపెనీకి అందింది 2024 మే 28న. గోడౌనులో 14 అంగుళాల నీళ్లు నిలిచాయనీ, పక్క కాలువ పొంగిందనీ రాసి, చెల్లించదగ్గ నష్టం 9,28,388 రూపాయలని తేల్చారు. ఆ తర్వాత కంపెనీ ఒక ఇన్వెస్టిగేటరును పంపింది. ఆయన వాచ్‌మన్ దగ్గర వాంగ్మూలం తీసుకుని, కప్పు రేకుల సందుల్లోంచి నీరు కారిందని రాశారు. 2024 సెప్టెంబరు 19న తిరస్కరణ లేఖ వెళ్లింది. అందులో కారణం ఒక్కటే: రేకులు బాగుచేయించుకోకపోవడం వల్ల వాన నీరు కారింది, ఇది వరద కిందికి రాదు.

మిల్లు వాళ్లు 2025 నవంబరులో ఫిర్యాదు వేశారు. నష్టం 32 లక్షలు, 18 శాతం వడ్డీ, మానసిక వేదనకు 10 లక్షలు, శిక్షాత్మక పరిహారం 5 లక్షలు అడిగారు. కంపెనీ దురుద్దేశంతో ఎగ్గొట్టిందని పేరాకోసారి రాశారు. నోటీసు, ఫిర్యాదు కాపీ బ్రాంచికి 2026 జనవరి 6న ముట్టాయి. ఫైలు నా చేతికి వచ్చేసరికి మూడు వారాలు పోయాయి.

నా సందేహాలు ఇవి. దురుద్దేశం అన్న ఆరోపణకు జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి? కమర్షియల్ సంస్థ కాబట్టి వినియోగదారు కాదన్న అభ్యంతరం తీసుకోవచ్చా? స్టాకు లెక్కలు ఎక్కువ చేసి చూపించారని కంపెనీ వాళ్లు ఇప్పుడు చెబుతున్నారు, అది కౌంటర్లో పెట్టొచ్చా?

---

పెన్నాగట్టు_వకీలు

తమ్ముడూ, ముందు క్యాలెండరు తీయండి, చట్టం తర్వాత చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38(2)(ఎ) కింద మీకు 30 రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. లెక్క మొదలయ్యేది ఫిర్యాదు కాపీతో సహా నోటీసు అందిన రోజు నుంచి. బ్రాంచి నుంచి డివిజనల్ ఆఫీసుకు, అక్కడి నుంచి మీ దగ్గరికి రావడానికి పట్టిన రోజులు ఎవరూ మినహాయించరు. జనవరి 6న ముడితే 30 రోజులు ఫిబ్రవరి 5తో అయిపోతాయి, 45వ రోజు ఫిబ్రవరి 20. గడువు పొడిగించమని పిటిషన్ ఫిబ్రవరి 5 లోపలే, కారణాలు రాసి వేయండి. "వాయిదా రోజున వేద్దాంలే" అనుకున్నారో, వాయిదా మార్చిలో పడితే కౌంటర్ హక్కు పోతుంది. అప్పుడు మిగిలేది చట్టం మీద వాదన ఒక్కటే. సర్వేయరు నివేదికను కూడా ఫిర్యాదీ పెట్టుకుంటేనే మీకు దిక్కు.

పాత ఫైళ్లలోంచి తెచ్చి అతికించే అభ్యంతరాలు కొన్ని ఉంటాయి, వాటిని వదిలేయండి. కమర్షియల్ సంస్థ వినియోగదారు కాదన్న మాట హర్సోలియా మోటార్స్ తీర్పుతో 2023లో పోయింది. బీమా నష్టం పూడ్చుకోవడానికే గానీ లాభం తీయడానికి కాదు గదా. పాలసీ చెన్నైలో జారీ అయింది కాబట్టి ఇక్కడ నడవదన్నదీ పోయింది, ఫిర్యాదీ ఉన్న చోటే వేసుకోవచ్చని 34వ సెక్షనే చెబుతోంది. అడిగిన మొత్తం 47 లక్షలా 60 లక్షలా అన్నదానితోనూ పని లేదు. జిల్లా కమిషన్ పరిధికి చూసేది కట్టిన ప్రీమియాన్ని, అది 50 లక్షల లోపుంటే చాలు. లిమిటేషన్ (ఫిర్యాదుకు కాలపరిమితి) జోలికీ పోవద్దు. రెండేళ్ల లెక్క నష్టం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని పొగాకు నిల్వలు తగలబడ్డ కందిమళ్ల రాఘవయ్య కేసులో 2009లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ వీళ్లు 2023 డిసెంబరు నుంచి లెక్కేసినా రెండేళ్ల లోపలే వచ్చారు. నిలవని అభ్యంతరాలు పది పెడితే, నిలిచే పదకొండోది కూడా వాటిలో కలిసి కొట్టుకుపోతుంది.

ఇక దురుద్దేశం సంగతి. అమెరికాలో బీమా కంపెనీ మీద "బ్యాడ్ ఫెయిత్" దావా అని విడిగా ఒకటుంది. మన దగ్గర ఆ పేరుతో దావా లేదు. ఫిర్యాదులో ఏ పేరు పెట్టినా చివరికి అది సేవాలోపం, లేదా అనుచిత వ్యాపార విధానం కిందికే రావాలి. పరిహారం 39(1)(డి) కింద, శిక్షాత్మక పరిహారం దాని ప్రొవైజో (ఆ క్లాజుకు జోడించిన షరతు వాక్యం) కింద. ఆ క్లాజు భాష చూడండి: ఎదుటి పక్షం నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం. అంటే క్లెయిము తప్పుగా తిరస్కరించారని తేలినంత మాత్రాన శిక్షాత్మక పరిహారం దానంతటది రాదు. మీరు నిలబడాల్సింది ఆ సందులోనే. నిర్ణయం తప్పయి ఉండొచ్చు, కానీ ఆ రోజు ఫైలులో ఉన్న కాగితాలను బట్టి నిజాయితీగా తీసుకున్నదే అని చూపాలి. భాగస్వామ్య సంస్థకు మానసిక వేదన ఏమిటన్న పాయింటు కూడా పెట్టండి, అది వాదించదగ్గదే.

దీనికి సాక్ష్యం మాటల్లో దొరకదు, తేదీల్లో దొరుకుతుంది. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: తేదీ, ఏం జరిగింది, దానికి ఏ కాగితం ఉంది. డిసెంబరు 8, 9 బాగున్నాయి. అప్పట్లో అమల్లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ 2017 నిబంధనల ప్రకారం సర్వేయరును 72 గంటల్లో పెట్టాలి, ఒక్క రోజులో పెట్టారు. ఇబ్బందంతా మే 28 నుంచి సెప్టెంబరు 19 దాకా. 114 రోజులు. తుది నివేదిక అందాక నిర్ణయానికి ఆ నిబంధనలు ఇచ్చింది 30 రోజులే. ఇప్పుడున్న 2024 మాస్టర్ సర్క్యులరులో అది ఇంకా తక్కువ, 7 రోజులు. నష్టం 2023 డిసెంబరుది కాబట్టి మీ క్లెయిముకు వర్తించేది పాతదేనని వాదించొచ్చు, కౌంటర్లో కొత్తది పెట్టి మీ మెడకు మీరే ఉచ్చు వేసుకోవద్దు. ఆ 114 రోజుల్లో ఇన్వెస్టిగేటరును ఏ తేదీన పంపారు, ఎందుకు పంపారు, మిల్లు వాళ్లకు ఆ సంగతి రాశారా? రాసిన లెటరు లేకపోతే లేదనే చెప్పండి. పాత తేదీలు వేసి ఇప్పుడు కొత్త కాగితం పుట్టించమని ఎవరు చెప్పినా వినొద్దు. ప్రభుత్వ రంగ కంపెనీ అయితే నోట్ షీటు (ఫైలులో అధికారులు రాసుకునే అభిప్రాయాల కాగితం) కోసం మిల్లు వాళ్లు ఆర్టీఐ పెడతారు, వాళ్ల చేతిలో ఇప్పటికే ఉండొచ్చు కూడా. మీరు మాత్రం కౌంటర్ రాయకముందే ఆ నోట్ షీటు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలి. సర్వేయరు చెప్పిన మొత్తం ఇచ్చేయొచ్చని కింది అధికారి రాస్తే, పైన ఎవరో కారణం లేకుండా కొట్టేసి ఉంటే, దురుద్దేశం లేదని మీరు ప్రమాణపత్రంలో రాసే వాక్యం చాలా జాగ్రత్తగా ఉండాలి.

మూడో ప్రశ్నకు జవాబు: స్టాకు ఎక్కువ చూపారన్నది తిరస్కరణకు కారణంగా ఇప్పుడు పెట్టలేరు. లేఖలో లేని కారణాన్ని కోర్టులో ఎత్తుకోవడం కుదరదని గలాడా పవర్ కేసు (2016), సౌరాష్ట్ర కెమికల్స్ కేసు (2019) చెప్పాయి. "ఇతర కారణాలు చెప్పే హక్కు మాకు ఉంది" అన్న ముక్తాయింపు లేఖ చివర ఉన్నా అది పెద్దగా ఆదుకోదు. అయితే నష్టం ఎంత అన్నది వేరే సంగతి. ఎంత తడిసింది, ఏ ధర కట్టాలి అన్నవి సర్వేయరు నివేదికలోనే ఉన్నాయి కాబట్టి వాటి మీద పూర్తిగా పోరాడొచ్చు. 32 లక్షలకూ 9 లక్షలకూ మధ్య ఉన్న తేడాయే అసలు కేసు.

---

సర్వే_ఒంగోలు

పైన సార్ చట్టం చెప్పారు, నేను నివేదిక సంగతి చెబుతాను. ముందుగా ఒక మాట: రేకులు కారడం, నీళ్లు నిలవడం గోడౌనులో రెండు రకాలుగా కనబడతాయి. రేకులు కారితే నెట్టు (పేర్చిన బస్తాల గుట్ట) పైవరస బస్తాలు తడుస్తాయి, అదీ సందు కింద ఉన్న చోట మచ్చలు మచ్చలుగా. నీళ్లు నిలిస్తే అడుగు వరసలు గోడౌను పొడవునా ఒకే ఎత్తులో తడుస్తాయి, గోడ మీద బురద గీత పడుతుంది. నివేదికలో 14 అంగుళాల నీటి గీత ఉందన్నారు. పడుకోబెట్టిన బస్తా దాదాపు ముప్పావు అడుగు ఎత్తుంటుంది. అంటే రెండు వరసలు నీళ్లలో, మూడో వరస చెమ్మ పీల్చుకుని పోతుంది. ఫోటోల్లో తడిసినవి అడుగు వరసలే అయితే తిరస్కరణ లేఖలోని కారణాన్ని మీ సర్వేయరు ఫోటోలే కొట్టేస్తాయి. పై వరసలు కూడా తడిశాయని మిల్లు వాళ్లు అంటుంటే, 32 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడ తెలుస్తుంది. ఆ పై బస్తాలు రేకుల నీళ్లవా, అసలు తడిశాయా అన్నది విడిగా తేల్చాలి. ఫోటోలు ఫోనువైతే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెటు సర్వేయరు చేత ఇప్పించండి. కమిషన్ అంత పట్టుబట్టకపోవచ్చు, కానీ అప్పీలులో పనికొస్తుంది.

ఇక పరిమాణం. మిల్లు రిజిస్టరులో పుట్లు, బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో క్వింటాళ్లు, క్లెయిము ఫారంలో బస్తాలు, ఇట్టా మూడు కొలతలు ఉంటాయి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి ఎంతన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి బయటి జిల్లా నుంచి వచ్చిన వాళ్లు ఇక్కడే తడబడతారు. వెయ్యి క్వింటాళ్లంటే 118 పుట్లకు కాస్త తక్కువ. రిజిస్టరు నుంచి క్వింటాళ్లకు మార్చిన చోట గుణింపు మీరే ఒకసారి చేసి చూడండి.

స్టాకు నిజంగా ఉందా అన్నది వెనక్కి లెక్కేయాలి: మొదటి నిల్వ, కొన్న ధాన్యం, అందులోంచి ఆడించిన ధాన్యం తీసేయాలి. కస్టమ్ మిల్లింగుకు (ప్రభుత్వ ధాన్యాన్ని కూలికి ఆడించి బియ్యం తిరిగి ఇవ్వడానికి) పచ్చి బియ్యం దిగుబడి 67 శాతం. 670 క్వింటాళ్ల బియ్యం పోయి ఉంటే దాని వెనక 1,000 క్వింటాళ్ల ధాన్యం ఆడినట్టు. మార్కెట్ కమిటీ సెస్సు కట్టిన కాగితాలు కొనుగోళ్లకు, కరెంటు బిల్లు మిల్లు ఆడిన రోజులకు అడ్డం నిలువు సరిచూసుకోవడానికి పనికొస్తాయి. ఇవన్నీ సర్వేయరు అడిగారా, అడిగితే ఏ తేదీన ఇచ్చారు అన్నది కూడా మీ తేదీల పట్టికలో ఎక్కాలి. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు ఎందుకు పట్టిందంటే జవాబు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు 9,28,388 ఎట్టా వచ్చిందో చూద్దాం. మీరు చెప్పిన బీమా మొత్తాన్ని బట్టి, ఆ అంకెను వెనక్కి విప్పితే నాకు ఇట్టా కనబడుతోంది:

తడిసిన ధాన్యం 1,000 క్వింటాళ్లు, ధర 2,203 (2023-24 గ్రేడ్ ఎ మద్దతు ధర): 22,03,000
తడిసిన సరుకు అమ్మితే వచ్చింది, క్వింటాలు 900 చొప్పున: 9,00,000
నికర నష్టం: 13,03,000
ఆ రోజు మిల్లులో ఉన్న మొత్తం స్టాకు విలువ 2.00 కోట్లు, బీమా 1.50 కోట్లు. స్టాకు విలువ కంటే బీమా తక్కువ కాబట్టి నష్టాన్ని అదే నిష్పత్తిలో తగ్గిస్తారు (సగటు కోత). అంటే 75 శాతం: 9,77,250
ఎక్సెస్ (పాలసీదారే భరించాల్సిన వాటా) 5 శాతం, 48,862 రూపాయల 50 పైసలు తీసేస్తే: 9,28,388

నివేదిక తెరిచి ఇదేనా కాదా సరిచూసుకోండి. ఇదే అయితే నాలుగో అడుగు దగ్గర ఆగాలి. 2 కోట్ల స్టాకులో సివిల్ సప్లయిస్ కార్పొరేషన్ కస్టమ్ మిల్లింగుకు ఇచ్చిన ధాన్యం కలిసి ఉందా? అది మిల్లు సొంతం కాదు. ఇతరుల సరుకు కూడా పాలసీలోకి వస్తుందని షెడ్యూలులో రాసి ఉంటే సరే. రాసి లేకపోతే ఆ ధాన్యానికి బీమా లేదు, లేనప్పుడు తక్కువ బీమా లెక్కలోనూ దాన్ని కలపకూడదు. నష్టం కట్టేటప్పుడు బయట పెట్టి, సగటు కోత వేసేటప్పుడు లోపలికి లాగడం కుదరదు. తడిసిన వెయ్యి క్వింటాళ్లు ఎవరివో కూడా చూడాలి, నెట్లకు కట్టిన చీటీల్లో తెలుస్తుంది.

---

జూనియర్_నెల్లూరు

నివేదిక చూశాను సార్, అంకెలు అచ్చం మీరు రాసినట్టే ఉన్నాయి. మొత్తం స్టాకులో కార్పొరేషన్ ధాన్యం 40 లక్షలది కలిసి ఉంది. షెడ్యూలులో ఇతరుల సరుకు గురించి ఒక్క ముక్క లేదు. తడిసిన నెట్లన్నీ మిల్లు సొంతానివే, చీటీల ఫోటోలు ఉన్నాయి.

---

సర్వే_ఒంగోలు

అయితే లెక్క మారిపోతుంది. 2 కోట్లలోంచి 40 లక్షలు తీసేస్తే 1.60 కోట్లు. బీమా 1.50 కోట్లు. తక్కువ బీమా 6.25 శాతం. మీ పాలసీలో 15 శాతం దాకా తక్కువ బీమాను పట్టించుకోరు. అంటే సగటు కోతే లేదు. 13,03,000లో ఎక్సెస్ 65,150 పోను 12,37,850. కంపెనీ కాగితం మీద ఉన్నదానికంటే 3,09,462 ఎక్కువ.

ఇది క్లయింటుకు వినసొంపుగా ఉండదు. అయినా సర్వేయరును రాతపూర్వకంగా వివరణ అడిగి, సరిదిద్దిన అనుబంధ నివేదిక తెప్పించమని చెప్పండి. నివేదిక కాపీ అడిగితే మిల్లు వాళ్లకు ఇవ్వాల్సిందే. వాళ్ల ఆడిటర్ ఈ తప్పు పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. పట్టుకున్నాక మిగతా నివేదికను కమిషన్ నమ్మదు, అందులో కరెక్టుగా కట్టిన వెయ్యి క్వింటాళ్లను కూడా. తప్పును మీరే దిద్దుకుని వెళితే 12 లక్షల దగ్గర గట్టిగా నిలబడగలరు. ధర మీద కూడా గొడవ వస్తుంది. సన్నరకానికి మార్కెట్లో ఎక్కువ పలికిందని బియ్యం ధర చూపిస్తారు. ధాన్యం ముడిసరుకు కాబట్టి కొని మిల్లుకు చేర్చిన ఖర్చు కట్టాలి, కొనుగోలు బిల్లుల్లో 2,203 కంటే ఎక్కువ ఉంటే అది ఒప్పుకోవాల్సిందే.

---

ఫిర్యాదీ_పక్షం

అవతలి వైపు నుంచి రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. ఈ ఫైలు నా చేతిలో ఉంటే మొదట పట్టుకునేది వాచ్‌మన్ వాంగ్మూలాన్ని. ఇన్వెస్టిగేటర్లు తెచ్చే వాంగ్మూలాలు ఎక్కువగా ఇంగ్లీషులో టైపు చేసి ఉంటాయి, కింద వేలిముద్ర ఉంటుంది. చదివి తెలుగులో వినిపించామన్న వాక్యం ఉండదు, సాక్షి సంతకం ఉండదు. వాచ్‌మన్‌తో ఒక ప్రమాణపత్రం వేయిస్తే ఆ కాగితం పనైపోతుంది. ఇన్వెస్టిగేటరుకు రాతపూర్వక ప్రశ్నలు పంపడానికి అనుమతి అడుగుతా: గోడౌనుకు ఏ తేదీన వెళ్లారు, అప్పటికి నీళ్లు ఇంకిపోయి ఎన్ని నెలలయింది, రేకులు ఎక్కి చూశారా? డిసెంబరులో జరిగినదానికి జూన్ తర్వాత వెళ్లిన మనిషి ఏం చూసి చెప్పగలడు? వాతావరణ శాఖ నెల్లూరు కేంద్రం వానలెక్క, తహసీల్దారు ముంపు నివేదిక తీసుకొచ్చి పెడతా.

రెండోది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ తీర్పు, 2009ది. సర్వేయరు నివేదిక నచ్చకపోతే కారణాలు రాయాలి, నచ్చిన జవాబు వచ్చేదాకా మనుషుల్ని మారుస్తూ పోకూడదు. ఇన్వెస్టిగేటరు సర్వేయరు కాదని మీరంటారు, అప్పుడు సర్వేయరు చెప్పిన కారణాన్ని ఆయన మాటతో ఎట్టా కొట్టేశారని నేనంటా.

తడిసిన ధాన్యం క్వింటాలు 900కే పోయిందంటే అంతకాలం ఎందుకు ఉంచారన్నది ఇంకో ప్రశ్న. తడిసిన వడ్లు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. వెంటనే ఆరబెట్టి అమ్మి ఉంటే ఎక్కువ వచ్చేది. "సర్వేయరు చూసేదాకా కదపొద్దు" అని కంపెనీ రాసిన మెసేజీ ఒకటి ఉంటే ఆ తరుగు మీ నెత్తినే వేస్తాం. మా వైపు బలహీనత కూడా చెబుతా: సర్వేయరు లెక్క తప్పని చెప్పడానికి మిల్లు వాళ్ల దగ్గర వాళ్ల సొంత పట్టీ తప్ప వేరే నిపుణుడి నివేదిక ఉండదు. నివేదిక చివరి మాట కాదని ప్రదీప్ కుమార్ కేసు (2009) చదువుతాం, కానీ దాన్ని కదిలించడానికి సరుకు కావాలి. 32 లక్షలు నిలబడవని మాకూ తెలుసు.

---

క్లెయిమ్స్_డెస్క్

పైన అందరూ చెప్పినవి కలిపి చూస్తే ఇది రాజీకి వెళ్లాల్సిన ఫైలు. ఎవరూ ఆ మాట అనలేదు కాబట్టి నేనంటున్నా. అయితే రాజీకి కూడా ఒక దారుంది, అడ్డదారిలో పోతే అక్కడ కొత్త కేసు పుడుతుంది.

37వ సెక్షన్ కింద ఫిర్యాదు స్వీకరించాక మొదటి వాయిదాలోనే మధ్యవర్తిత్వానికి పంపొచ్చు, ఇరుపక్షాలూ ఐదు రోజుల్లో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీ క్లయింటుకు ఆ ఐదు రోజుల్లో అనుమతి రాదు. తిరస్కరించిన క్లెయిమును తెరవాలంటే తిరస్కరించిన అధికారి కంటే పైవాడు సంతకం పెట్టాలి, ఫైలు రీజనల్ ఆఫీసుకు పోవాలి. కాబట్టి ఈ వారమే అభిప్రాయ లేఖ రాసి పంపండి. ఒక పేజీ చాలు: లేఖలో ఉన్న కారణం మన సర్వేయరు నివేదికతోనే పోతోంది, కొత్త కారణం తీసుకోలేం, సరైన లెక్క 12,37,850, ఓడితే ఎంత పడొచ్చు.

ఆ చివరి దానికి అంకెలు ఇవ్వండి, పై అధికారులు చదివేది వాటినే. 2017 నిబంధనల ప్రకారం ఆలస్యానికి వడ్డీ, ఆ ఆర్థిక సంవత్సరం మొదట్లో ఉన్న రిజర్వు బ్యాంకు వారి బ్యాంకు రేటుకు అదనంగా 2 శాతం. 2024 ఏప్రిల్ 1న బ్యాంకు రేటు 6.75, అంటే 8.75 శాతం. 12,37,850 మీద ఏడాదికి 1,08,312 రూపాయలు. నివేదిక అందాక 30 రోజులు వదిలి, 2024 జూన్ 28 నుంచి 2026 ఫిబ్రవరి చివరికి 20 నెలలు: 1,80,520. వాళ్లు అడిగిన 18 శాతం వేస్తే ఏడాదికే 2,22,813. కౌంటర్లో 18 శాతాన్ని ఎదుర్కోవడానికి ఈ నిబంధనే మీ ఆధారం. వడ్డీ అసలే లేదని వాదిస్తే కమిషన్ తనకు తోచిన రేటు వేస్తుంది. ఓడి అప్పీలుకు వెళ్లాలన్నా 45 రోజుల్లో వెళ్లాలి, 41వ సెక్షన్ కింద ఆర్డరు మొత్తంలో సగం ముందే కట్టాలి. ఆ డబ్బు ఎటూ బయటికి పోవాల్సిందే.

రాజీ కుదిరేలోపు సరిదిద్దిన మొత్తాన్ని చెల్లించేయడం ఇంకా మేలు. చెల్లించేటప్పుడు "పూర్తి, తుది పరిష్కారం" అని డిశ్చార్జి వోచరు (క్లెయిము తీరిపోయిందని పాలసీదారు ఇచ్చే రసీదు) మీద సంతకం పెడితేనే ఇస్తాం అనొద్దు. తేలిన మొత్తాన్ని వోచరు కోసం ఆపొద్దనీ, వోచరు ఇచ్చినంత మాత్రాన పాలసీదారు హక్కులు పోవనీ నియంత్రణ సంస్థ 2015 సెప్టెంబరులోనే సర్క్యులరు ఇచ్చింది. వోచరు కోసం డబ్బు పట్టుకుని కూర్చుంటే, ఇంతవరకు లేని దురుద్దేశానికి మీరే సాక్ష్యం తయారుచేసి ఇచ్చినట్టు.

ఇంకొకటి ఎవరూ అడగలేదు. మిల్లుకు క్యాష్ క్రెడిట్ (స్టాకు హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు) ఉంటే పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది, క్లెయిము డబ్బు బ్యాంకుకే వెళ్లాలి. ఫిర్యాదులో బ్యాంకు పార్టీగా ఉందా? లేకపోతే చేర్చమని అడగండి, లేదా బ్యాంకు నిరభ్యంతర లేఖ ఇవ్వమనండి. ఆర్డరు మిల్లు పేరున వచ్చి, డబ్బు మిల్లుకు పోయి, తర్వాత బ్యాంకు మీ క్లయింటు మీదికి వస్తే రెండోసారి కట్టాల్సి వస్తుంది.

---

ఫిర్యాదీ_పక్షం

చిన్న సవరణ. ఆ నిబంధన వడ్డీని చివరి కాగితం అందిన రోజు నుంచి లెక్కేయమంటుంది. జూన్ 28 కాదు, మే 28 నుంచి అడుగుతాం. ఒక నెల వడ్డీ 9,026 రూపాయలు, దాని దగ్గర రాజీ ఆగదులెండి.

---

జూనియర్_నెల్లూరు

అందరికీ థ్యాంక్స్. అభిప్రాయ లేఖ రేపే పంపుతున్నాను. ఒక్కటే మిగిలింది. రాజీకి అనుమతి ఎప్పుడొస్తుందో తెలియదు, కౌంటర్ మాత్రం గడువులో పడాలి. అందులో రేకుల కారణాన్ని సమర్థిస్తూ రాయాలా, వదిలేయాలా? వదిలేస్తే క్లయింటు ఒప్పుకోడు, సమర్థిస్తే రేపు రాజీకి అడ్డం వస్తుంది.

---

పెన్నాగట్టు_వకీలు

రెండూ కాకుండా రాయొచ్చు. "2024 సెప్టెంబరు 19 లేఖలోని నిర్ణయం ఆనాటికి రికార్డులో ఉన్న ఇన్వెస్టిగేటరు నివేదిక ఆధారంగా తీసుకున్నది" అని ఒక వాక్యం. అది జరిగిన సంగతి, అబద్ధం కాదు. నీరు రేకుల నుంచే వచ్చిందని మీ మాటగా ప్రమాణం చేయొద్దు. తర్వాతి పేరాలో "పైదానికి భంగం లేకుండా, పాలసీ కింద బాధ్యత ఉందని కమిషన్ భావించినా, అది లైసెన్సు పొందిన సర్వేయరు అంచనాకు మించదు" అని రాసి, లెక్కను అడుగడుగునా పేరాల్లో పెట్టండి. అనుబంధ నివేదిక అప్పటికి రాకపోతే, సర్వేయరు నుంచి వివరణ కోరామనీ, రాగానే దాఖలు చేస్తామనీ రాయండి. 9,28,388 అన్న అంకెను మాత్రం మీ చేత్తో సమర్థించొద్దు. దురుద్దేశం ఆరోపణకు తేదీల పట్టికను అనుబంధంగా జోడించండి, 114 రోజుల గడిని ఖాళీగా వదలకుండా, ఇన్వెస్టిగేటరును పంపిన తేదీ, ఆయన నివేదిక వచ్చిన తేదీ వేసి.

సంతకం ఎవరు పెడుతున్నారో చూసుకోండి. కౌంటర్ మీద అధికారపత్రం ఉన్న అధికారి, ఆ అధికారపత్రం కాపీతో. సర్వేయరు ప్రమాణపత్రం విడిగా, ఆయన పేరుతోనే. నివేదిక ఒక్కటే జెరాక్స్ తీసి జోడిస్తే, "రాసినాయన ఎక్కడ?" అని ఎదుటివాళ్లు అడుగుతారు. ఇన్వెస్టిగేటరు ప్రమాణపత్రం అడిగే ముందు ఆయనకు ఫోను చేసి, వాచ్‌మన్ చేత వేలిముద్ర వేయించేటప్పుడు పక్కన ఎవరున్నారో కనుక్కోండి. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే ఆ ప్రమాణపత్రం వేయకపోవడమే మంచిది, వాంగ్మూలాన్ని నివేదిక అనుబంధంగానే వదిలేయండి. గడువు పిటిషన్ మరిచిపోవద్దు, ఫిబ్రవరి 5.